ఆపరేషన్ చేసిన కుక్కలను మళ్ళీ మా వీధిలోనే వదిలారు: కుక్కల బండి పని ఇంతేనా?

దేవరకొండ_రోడ్డు_నివాసి
16 నవంబరు 2025

అందరికీ నమస్కారం. నల్లగొండ జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో, ఊరి చివర పదేళ్ళ కింద పడిన వెంచరులో మేము ఇల్లు కట్టుకుని ఉంటున్నాము. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. ఒక ఆఫీసును బజారుకు ఈడ్చడం నా ఉద్దేశం కాదు. ఈ పని అసలు ఎలా జరగాలో తెలిసినవారు చెబితే తెలుసుకుందామని రాస్తున్నాను.

మా కాలనీలో నాలుగు వీధులు, నూరు పైచిలుకు ఇళ్ళు ఉన్నాయి. దసరాకు కొద్ది రోజుల ముందు, తెల్లవారుజామున పాల ప్యాకెట్ల కోసం బయలుదేరిన ఒక పెద్దాయనను మూడు కుక్కలు చుట్టుముట్టాయి. వాటిలో గోధుమరంగుది పిక్క పట్టి కండ ఊడేలా కరిచింది. పదకొండు మందిమి సంతకాలు చేసి దరఖాస్తు ఇచ్చాము, ఆ తరువాత నెల రోజుల పాటు ఫోన్లు చేస్తూనే ఉన్నాము. చివరికి ఒకనాడు కుక్కల బండి వచ్చింది. ఇద్దరు మనుషులు వలలతో గంటన్నరలో ఆరు కుక్కలను పట్టుకుపోతే, పీడ విరగడైందని సంబరపడి కాలనీవాసులు వారికి చాయ్ పోసి పంపించారు. ఏడో రోజున అదే బండి వచ్చి, అవే ఆరు కుక్కలను, అదే వేపచెట్టు కింద దింపి వెళ్ళిపోయింది. కరిచిన గోధుమరంగు కుక్క కూడా వాటిలో ఉంది. అన్నిటికీ ఒక చెవి కొసన చిన్న కోత మాత్రం కొత్తగా కనబడింది.

అడిగితే "రూల్ ఇంతే సార్" అన్నారు. రూల్ నిజంగా ఇంతేనా? ఇంతే అయితే, ఇంటిపన్ను కడుతున్న మాకు ఈ సేవ వలన ఒరిగేదేమిటి? మేము మళ్ళీ దరఖాస్తు ఇవ్వదలిస్తే అందులో ఏమని అడగాలి?

పాలమూరు_పశువైద్యుడు
16 నవంబరు 2025

వారు చెప్పిన మాట నిజమే, కాని సగమే చెప్పారు.

1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద కేంద్రం 2001లో కుక్కల జనన నియంత్రణ నియమాలు తెచ్చింది. వాటి స్థానంలో 2023 మార్చిలో కొత్త నియమాలు వచ్చాయి. వీధికుక్కలకు కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్ చేయించి, పిచ్చికుక్క రోగానికి (రేబిస్‌కు) టీకా వేయించే బాధ్యత స్థానిక సంస్థది. అది కార్పొరేషన్ కావచ్చు, మున్సిపాలిటీ కావచ్చు, గ్రామ పంచాయతీ కావచ్చు. కుక్కను ఎక్కడ పట్టారో రాసుకోవాలి, మెడకు నంబరు పట్టీ వేయాలి, ఆపరేషన్ తరువాత కనీసం నాలుగు రోజులు ఉంచుకుని చూడాలి, గుర్తుగా చెవి కోసి, పట్టిన చోటనే వదలాలి. ఆరు నెలల లోపు పిల్లలను, పాలిచ్చే తల్లిని పట్టకూడదు. కాబట్టి మీ వేపచెట్టు కిందికే తిరిగి రావడంలో తప్పు లేదు.

అదే చోట వదలడం ఎందుకని అందరూ అడుగుతారు. కుక్క ఒక వాడకట్టును పట్టుకుని బతుకుతుంది, బయటి కుక్కను రానివ్వదు. ఆ వాడకట్టులో తిండి ఉన్నంత కాలం దాని చోటు ఖాళీగా ఉండదు. మీ ఆరింటిని ఎత్తుకుపోయి దూరాన విడిస్తే, టీకా లేని, ఆపరేషన్ లేని కొత్త ఆరు పక్క వీధుల నుంచి చేరుతాయి. ఇప్పుడు మీ దగ్గర ఉన్నవి కనీసం పిల్లలు పెట్టవు, వాటికి పిచ్చి పట్టే భయమూ తక్కువ.

మీకు చెప్పని సగం ఏమిటంటే, 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన ఉత్తర్వులో, పిచ్చి సోకినవాటిని, అనుమానం ఉన్నవాటిని, దూకుడుగా మీదపడే కుక్కలను తిరిగి వీధిలో వదలరాదని ఉంది. దూకుడు అంటే ఇదీ అని ఆ ఉత్తర్వు విడమరచలేదు గనుక, మీరు నోటితో చెబితే చెల్లదు. ఏ తేదీన, ఏ వీధిలో, ఎవరిని కరిచింది, ఏ దవాఖానలో సూది వేయించుకున్నారు అన్నది కాగితం మీద ఉండాలి. గోధుమరంగు కుక్క సంగతి మీ మొదటి దరఖాస్తులో ఇలా విడిగా రాశారా?

ఇక అసలు ప్రశ్న. ఆరు కుక్కలను పట్టారు, సరే. ఎన్నిటిలో ఆరు?

దేవరకొండ_రోడ్డు_నివాసి
16 నవంబరు 2025

డాక్టరు గారూ, విడిగా రాయలేదు. "కుక్కల బెడద ఎక్కువైనది, తక్షణమే నివారించగలరు" అని మాత్రమే రాశాము. ఎన్నిటిలో ఆరు అన్నది ఎవరమూ లెక్కపెట్టలేదు. ఇరవై ఉంటాయని ఒకరు, యాభై ఉంటాయని ఒకరు అంటున్నారు.

మెట్టుగడ్డ_పాతకాపు
17 నవంబరు 2025

నాకు డెబ్బై దాటాయి గనుక రెండు కాలాలనూ చూశాను. మా చిన్నతనంలో ఊరికొక బందెలదొడ్డి ఉండేది. ఎవరి గొడ్డయినా మందిచేనులో పడితే తోలుకుపోయి అందులో పెట్టేవారు, యజమాని జరిమానా కట్టి విడిపించుకునేవాడు. గొడ్డుకు యజమాని ఉన్నాడు కనుక ఆ పద్ధతి నడిచింది. కుక్కకు యజమాని లేడు కనుక దానికి వేరే పద్ధతి ఉండేది. ఏడాదికొకసారి మందు పెట్టి చంపి, బండిలో వేసుకుపోయేవారు. అది మంచిదని నేను అనడం లేదు, కాని కొన్ని నెలలు వీధులు ప్రశాంతంగా ఉండేవి. ఇప్పుడు చట్టాలు పెరిగాయి, కుక్కలూ పెరిగాయి. పట్టడం, కోయడం, వదలడం అన్న ఈ తతంగం ఎవరి కోసమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కరిచించుకున్న పిల్లవాడి తల్లి దగ్గరకు వెళ్ళి చెవి కోత చూపించి ఓదార్చగలమా?

పాలమూరు_పశువైద్యుడు
17 నవంబరు 2025

పెద్దవారు మీరు, మీ అనుభవాన్ని కాదనను. మీ మాటలోనే జవాబు ఉంది: "ఏడాదికొకసారి". చంపడమే మందు అయితే ప్రతి ఏడాదీ చంపవలసిన అవసరం ఎందుకు వచ్చింది? చెన్నైలో తరాల తరబడి కుక్కలను చంపి చంపి, సంఖ్య తగ్గడం లేదని గ్రహించిన తరువాతనే 1996లో ఆపరేషన్ల బాట పట్టారు.

లెక్క చూడండి. ఆడకుక్క చూలు 63 రోజులు. ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు, ఏడాదికి రెండు ఈతలు. పుట్టిన ఆడపిల్ల ఏడాది తిరగకుండానే తానూ ఈనుతుంది. చిత్త కార్తె కుక్కలని మనవాళ్ళు ఊరికే అనలేదు. అక్టోబరులో చిత్త కార్తెలో జతకూడినవి డిసెంబరులో ఈనుతాయి, సంక్రాంతి ముగ్గుల మీద ఆ పిల్లలు పొర్లుతుంటాయి. అంటే ఆపరేషన్లు చేయవలసిన కాలం ఎండాకాలం నుంచి వానాకాలం మొదలు దాకా. మన దగ్గర బండి కదిలేది కాటు జరిగిన తరువాత, గొడవ లేచిన తరువాత. ఈ ప్రశ్న వేసినవారి కాలనీకి బండి వచ్చింది కూడా చిత్త కార్తె దాటిన తరువాతే. ఆ ఆరింటిలో మగవి ఎన్ని, ఆడవి ఎన్ని అన్నది తెలిస్తే ఇంకొంత చెప్పగలను. మగవాటిని ఎన్నిటికి చేసినా, విడిచిపెట్టిన ఆడకుక్కలకు ఒక్క మగకుక్క చాలు.

ఒక పక్కమాట. కుక్కలు ఇంతగా పెరగడంలో రాబందుల పాత్ర కూడా ఉంది. పశువులకు నొప్పి తగ్గించడానికి వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా రాబందులకు చేరి, అవి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించే నాటికి ఆలస్యమైపోయింది. ఊరి బయట పడేసిన పశువు ఇప్పుడు కుక్కల పాలే.

జాతీయ_రహదారి_44
17 నవంబరు 2025

చంపే మాట వచ్చింది కనుక చెబుతున్నాను. 2024 ఫిబ్రవరిలో మా మహబూబ్‌నగర్ జిల్లాలోనే అడ్డాకుల మండలం పొన్నకల్లులో రాత్రివేళ ముసుగు మనుషులు వచ్చి ఇరవై దాకా వీధికుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అన్న సామెత ఉన్నది కాని, తుపాకీ దెబ్బ అన్న సామెత ఏ ఊళ్ళోనూ లేదు. తెల్లవారి ఆ వీధుల్లోనే పిల్లలు బడికి వెళ్ళాలి కదా. ఊరికి పద్ధతి ప్రకారం పనిచేసే సేవ లేనప్పుడు ఆ ఖాళీలోకి ఎవరు వస్తారో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

సూదిమందు_సిస్టర్
17 నవంబరు 2025

నేను ఒక సర్కారు దవాఖానలో నర్సుగా పనిచేస్తున్నాను. కుక్కల లెక్క మీరు తేల్చుకోండి. కరిచిన తరువాతి సంగతి మాత్రం నేను చెబుతాను, ఎందుకంటే రెండు వారాలకొకసారైనా గాయంలో కారం, సున్నం కూరుకుని వచ్చేవారిని చూస్తున్నాను.

కరిచిన వెంటనే, పళ్ళు దిగినా, గీరుకుపోయినా, ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసరు, పసుపు, కాఫీ పొడి ఏదీ పెట్టకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు. అదే రోజు టీకా మొదలుపెట్టాలి. చర్మంలో వేసే పద్ధతిలో మొదటి రోజు, తరువాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు వేస్తారు. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయంలోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా ఎక్కించాలి. టీకా పనిచేయడం మొదలుపెట్టే లోపు కాపాడేది అదే. పాతవారికి బొడ్డు చుట్టూ వేసే 14 సూదులు గుర్తుండి భయపడి రారు. గొర్రె మెదడు కణజాలంతో చేసిన ఆ పాత టీకాను మన దేశంలో 2004 చివరి నాటికే ఆపేశారు. ఇప్పుడు వేసేది జబ్బకే. కాని రోగ లక్షణాలు బయటపడ్డాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

ఒక్క మాట ఈ చర్చకు పనికి వస్తుందని అనుకుంటున్నాను. మేము కుక్క కాటు రిజిస్టరులో రోగి పేరుతో పాటు ఏ వాడలో కరిచిందో కూడా రాస్తాము. ఏ వీధి పేరు నెలలో నాలుగైదు సార్లు వస్తున్నదో ఆ పేజీలు తిరగేస్తే చాలు, కుక్కల బండి మొదట ఎక్కడికి వెళ్ళాలో తెలుస్తుంది. నా ఉద్యోగ కాలంలో ఆ రిజిస్టరు చూపించమని కుక్కలు పట్టే విభాగం నుంచి ఒక్కరూ రాలేదు. వాళ్ళ తప్పు అనను, మేమూ పంపలేదు.

అచ్చంపేట_పంతులమ్మ
18 నవంబరు 2025

సిస్టర్ గారూ, మీ మాట మా బడి నోటీసు బోర్డు మీద రాయిస్తాను.

మా సమస్య వేరే తీరుగా ఉంది. ఈ నెల 7న సుప్రీంకోర్టు, బడులు, దవాఖానలు, క్రీడా మైదానాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి వీధికుక్కలను తీసివేసి, ఆపరేషన్, టీకా చేయించి ఆశ్రయాలకు తరలించాలని, అక్కడికే తిరిగి వదలకూడదని చెప్పింది. ప్రహరీ, గేటు సరిచేయాలని, మూడు నెలలకొకసారైనా తనిఖీ చేయాలని కూడా ఉంది. వీధికి ఒక రూలు, బడికి మరొక రూలు అన్నమాట. బడి మంచికే చెప్పారు. కాని ఆశ్రయం ఎక్కడ ఉంది? మా చుట్టుపక్కల మండలాల్లో నాకు తెలిసి ఒక్కటీ లేదు. ఆశ్రయం కట్టే దాకా మేము ఏం చేయాలి?

మేము చేస్తున్నది చెబుతాను. మధ్యాహ్న భోజనం అయ్యాక మిగిలిన అన్నాన్ని పిల్లలు గోడ అవతల పారబోసేవారు, అక్కడ ఏడెనిమిది కుక్కలు కాపు కాసేవి. ఇప్పుడు మూత ఉన్న డబ్బాలో వేసి, బర్రెలు ఉన్న ఒక రైతుకు ఇస్తున్నాము. ప్రహరీ విరిగిన చోట ముళ్ళకంప అడ్డం వేశాము. పది రోజుల్లో నాలుగు కుక్కలు తగ్గాయి. ఎక్కడికి పోయాయో అడగవద్దు. వాడలోకే పోయి ఉంటాయి, అది నాకూ తెలుసు.

ఊరి_కార్యదర్శి
18 నవంబరు 2025

నేను గ్రామ పంచాయతీ కార్యదర్శిని. పట్టణాల్లో కనీసం బండి ఉంది, తిట్టడానికి ఒక ఫోన్ నంబరు ఉంది. నియమాల్లో పంచాయతీ పేరు ఉన్నది కాని, మా ఊరికి ఆపరేషన్ గది ఎక్కడిది, దానికి డాక్టరు ఎక్కడి నుంచి వస్తాడు? ట్రాక్టరు డీజిలుకు, వీధి దీపాలకు, నీటి మోటార్లకు పోగా మిగిలేదానితో ఒక్క ఊరు ఒక కేంద్రాన్ని నడపలేదు. నాలుగైదు మండలాలు కలిసి ఒక కేంద్రం పెట్టుకుంటే తప్ప ఇది అయ్యే పని కాదని నా అభిప్రాయం, మీటింగులోనూ ఇదే చెప్పాను.

మరొక సంగతి ఎవరూ బహిరంగంగా మాట్లాడరు. ఏదో ఒక పట్టణంలో గొడవ లేచిన ప్రతిసారీ, వారం తిరగకుండా మా ఊరి పొలిమేరలో కొత్త కుక్కలు తేలతాయి. రాత్రి ఏ బండి వచ్చి దించిపోయిందో ఎవరికీ తెలియదు. చెవి కోత ఉండదు. ఈ ఊరి కుక్కలు వాటిని తరుముతాయి, అవి గుంపు కట్టి చెలకల్లో పడి గొర్రెల దొడ్ల మీదికి పోతాయి. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు అన్నిటికంటే ఎక్కువ ఉన్న రాష్ట్రం మనది. పాలమూరు గొల్ల కుర్మల బతుకంతా ఆ దొడ్డిలోనే ఉంటుంది. ఒక రాత్రిలో పదమూడు గొర్రెపిల్లలను పోగొట్టుకున్న మనిషి పొద్దున్నే మా ఆఫీసు మెట్ల మీద కూర్చుంటే ఏ నియమం చదివి వినిపించాలో నాకు తోచలేదు. పట్టణంలో "కుక్కలు పోయాయి" అని సంబరపడేవారు, అవి ఎక్కడికి పోయాయో ఒక్కసారి అడగాలని నా మనవి.

ఇక కోళ్ళ ఫారాలవారు చచ్చిన కోళ్ళను గుంత తీసి పూడ్చకుండా వాగు ఒడ్డున విసిరేయడం వలన కుక్కలకు పచ్చి మాంసం రుచి తగులుతోంది. నోటీసులు ఇచ్చాము. కొందరు విన్నారు.

చికెన్_సెంటర్_ఓనరు
18 నవంబరు 2025

ఎప్పటికైనా వేలు మా వైపు తిరుగుతుందని తెలుసు కనుక నేనే ముందుగా రాస్తున్నాను. మాది నల్లగొండ దగ్గర ఒక మండల కేంద్రం. ఆదివారం మా దుకాణంలో రెండు డ్రమ్ముల పేగులు, ఈకలు, కాళ్ళు మిగులుతాయి. చెత్త బండి పొద్దున్నే వచ్చిపోతుంది, మా వ్యర్థం తయారయ్యేది మధ్యాహ్నానికి. మరునాటి దాకా దుకాణంలో ఉంచితే కంపు, బయట పెడితే కుక్కలు. కొందరు చీకటి పడ్డాక చెరువు కట్ట దాటి పోసి వస్తారు. నేనూ ఒకప్పుడు పోశాను, దాచడం దేనికి. ఇప్పుడు మేము ఐదు దుకాణాలవాళ్ళం కలిసి ఒక ఆటో మాట్లాడుకుని సాయంత్రం ఒకేసారి తీయిస్తున్నాము. దుకాణానికి నెలకు కొంత పడుతుంది, భరించగలిగినంతే. మా అడ్డా మీద కుక్కలు తగ్గాయా అంటే సగానికి తగ్గాయి. ఆ రెండో బండిని ఆఫీసువారే నడిపి రుసుము తీసుకుంటే మిగతా దుకాణాలూ కడతాయి. అడిగి చూడండి.

నాగార్జునసాగర్_రోడ్డు
19 నవంబరు 2025

కుక్కలకైనా బండి ఉంది, కోతుల సంగతి ఏమిటి? మా ఇంటి మీద పెంకు నిలవడం లేదు, పెరట్లో చింతకాయ దక్కడం లేదు. కొండముచ్చును తెచ్చి కట్టేస్తే పారిపోతాయని అంటున్నారు, ఎక్కడ దొరుకుతుంది?

వేదిక_నిర్వాహకుడు
19 నవంబరు 2025

కోతుల మీద వేరే చర్చ తెరవవలసిందిగా మనవి. ఇక్కడ కుక్కల విషయమే కొనసాగిద్దాం.

పాలమూరు_పశువైద్యుడు
19 నవంబరు 2025

నిర్వాహకులు మన్నించాలి, రెండు ముక్కలు మాత్రం. కొండముచ్చు వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జంతువు, దాన్ని కట్టేసి పెంచడం నేరం. పట్టిన కోతులకు ఆపరేషన్ చేసి వదలడానికి నిర్మల్ దగ్గర చించోలిలో 2020లో ఒక కేంద్రం పెట్టారు. మిగతాది మీ కొత్త చర్చలో రాస్తాను.

వల_పట్టిన_చేయి
20 నవంబరు 2025

నాలుగు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అని ఆలోచించాను. నేను కుక్కలు పట్టే పని చేస్తాను. ఏ ఊరో చెప్పను, కాంట్రాక్టు పని.

బండికి మేము ఇద్దరం, డ్రైవరు ఒకడు. పొద్దున ఫిర్యాదుల చిట్టీ ఇస్తారు, అందులో తొమ్మిది వార్డులు ఉంటాయి. తొమ్మిది చోట్లకూ వెళ్ళాలి, వెళ్ళామని ఫోటో పెట్టాలి. ఒక్కో చోట అరగంట, గంట కంటే ఆగలేము. ఆ గంటలో మాకు దొరికేది ఏ కుక్క? మనిషిని చూసి తోక ఊపుకుంటూ వచ్చేది. కరిచే కుక్క బండి చప్పుడు వినగానే రెండు వీధులు దాటుతుంది. మేము పట్టేది కరిచే కుక్కను కాదు, దొరికే కుక్కను. ఇది మా పైవారికీ తెలుసు. మీ కాలనీలో గోధుమరంగుది దొరికిందంటే ఆ రోజు మీ అదృష్టం బాగుంది.

ఒక వార్డులో మూడు రోజులు వరుసగా, తెల్లవారి ఐదున్నరకు మొదలుపెట్టి చేస్తే ముప్పై కుక్కలు ఉన్న చోట ఇరవై పైన పట్టవచ్చు. ఒకసారి అట్లా చేశాము కూడా. నాలుగో రోజు వేరే వార్డు నుంచి పెద్దమనిషి ఫోన్ వచ్చింది, బండి అటు పోయింది.

కుక్కలకు అన్నం పెట్టేవారిని మీరు తిడతారు. మాకు అందరికంటే పనికొచ్చేది వాళ్ళే. ఏ కుక్క ఎక్కడ పడుకుంటుంది, ఏది ఆడది, ఏది చూలుతో ఉంది అంతా వాళ్ళకు తెలుసు, వాళ్ళు పిలిస్తే వస్తాయి. కాని మేము కుక్కలను చంపుతామని వాళ్ళ భయం. వదలడానికి వచ్చినప్పుడు కాలనీవాళ్ళు రాళ్ళు పట్టుకుంటారు, పట్టడానికి వచ్చినప్పుడు అన్నం పెట్టేవాళ్ళు బండికి అడ్డం పడుకుంటారు. సిస్టర్ గారు చెప్పిన సూదులు మాకు ముందే వేయాలి, మాలో కొందరికి వేశారు, కొందరికి వేయలేదు.

పాలమూరు_పశువైద్యుడు
20 నవంబరు 2025

మీరు రాయడం చాలా మంచిదైంది. నేను ఎంత చెప్పినా రాని విషయం మీ తొమ్మిది వార్డుల చిట్టీలో ఉంది.

పిచ్చికుక్క రోగం ఒక ప్రాంతంలో ఆగాలంటే అక్కడి కుక్కల్లో నూటికి డెబ్బై వాటికి టీకా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తొమ్మిది వార్డుల్లో తలా ఆరు కుక్కలకు టీకా వేస్తే యాభై నాలుగు అవుతాయి. నివేదికలో అంకె బాగానే కనిపిస్తుంది, కాని ఏ ఒక్క వార్డూ డెబ్బై దరిదాపులకు రాదు. అదే యాభై నాలుగు రెండు వార్డుల్లో చేస్తే ఆ రెండూ గట్టెక్కుతాయి, తరువాత మరో రెండు. గోవాలో ఇలా ప్రాంతం వెంట ప్రాంతం, కుక్కల లెక్క రాసుకుంటూ ఏళ్ళ తరబడి టీకాలు వేశారు. 2021లో ఆ రాష్ట్రాన్ని రేబిస్ నియంత్రిత రాష్ట్రంగా అక్కడి ప్రభుత్వం ప్రకటించగలిగింది. 2030 నాటికి దేశమంతటా కుక్కల ద్వారా వచ్చే రేబిస్ లేకుండా చేయాలని జాతీయ ప్రణాళిక ఉంది. ఫిర్యాదుల వెంట పరుగెత్తే బండితో అది అయ్యే పని కాదు. మనం ఫిర్యాదు చేసే పద్ధతి కూడా ఆ బండిని అలాగే పరుగెత్తిస్తోంది.

దేవరకొండ_రోడ్డు_నివాసి గారూ, మీ నాలుగు వీధుల్లో ఎన్ని కుక్కలు ఉన్నాయో లెక్కపెట్టగలరా? తెల్లవారి ఐదున్నరకు, ఇద్దరిద్దరు చొప్పున, వరుసగా రెండు రోజులు తిరగండి. ప్రతిదానికీ ఫోటో తీయండి, చెవి కోత చూడండి.

దేవరకొండ_రోడ్డు_నివాసి
23 నవంబరు 2025

శని, ఆదివారాలు రెండు రోజులూ తిరిగాము. పెద్దవి 34 ఉన్నాయి, పిల్లలు ఏడు. చెవి కోత ఉన్నవి తొమ్మిది. మొన్నటి ఆరు కాక, ఎప్పుడో ఎవరో చేయించినవి మూడు. కోత లేని ఇరవై ఐదింటిలో పద్నాలుగు ఆడవి. మొన్న పట్టుకుపోయిన ఆరింటిలో ఆడవి రెండే ఉన్నాయి. డాక్టరు గారు ఆ ప్రశ్న ఎందుకు వేశారో ఇప్పుడు అర్థమైంది. 34లో డెబ్బై శాతం అంటే 24. ఇంకా కనీసం పదిహేను చేయాలి.

ఒప్పుకోవలసిన విషయం ఒకటి ఉంది. రెండో వీధిలో కుక్కలకు అన్నం పెట్టే ఒకామెతో కాలనీవాళ్ళం ఏడాదిగా మాటలు మానేశాము. వల పట్టే అన్న రాసింది చదివి నేను, మా ఆవిడ వెళ్ళి మాట్లాడాము. మొదట తలుపు తీయలేదు. తరువాత మాతో పాటు రెండు రోజులూ ఆమే తిరిగింది. నిజం చెప్పాలంటే లెక్క సగం ఆమెదే. చీకట్లో మేము రెండుసార్లు లెక్కపెట్టిన నల్ల కుక్కలు మూడింటిని ఆమె సరిచేసింది. గోధుమరంగు కుక్కకు వానాకాలంలో వెనుక కాలు మీదుగా మోటారు సైకిలు ఎక్కిందని, అప్పటి నుంచి ఎవరైనా దగ్గరగా నడిస్తే మీదపడుతున్నదని చెప్పింది. కారణం తెలిసినంత మాత్రాన పెద్దాయన పిక్క మానదు, దాన్ని వీధిలో ఉంచడానికి నేను ఇప్పటికీ ఒప్పుకోను. కాని దానికి వైద్యం కూడా కావాలన్నది కొత్తగా తెలిసింది.

పెద్దాయన కుమారుడు దవాఖాన చీటీ ఇచ్చాడు. కొత్త దరఖాస్తు ఇలా రాశాము: ఫలానా నాలుగు వీధుల్లో 34 కుక్కలు ఉన్నవి, ఫోటోలు జతచేశాము, కోత లేని ఆడకుక్కల్లో పాలిచ్చే రెండింటిని విడిచి మిగతా పన్నెండింటిని మొదట, ఆ తరువాత మగవాటిని, వరుస రోజుల్లో పట్టించగలరు, పట్టే తేదీని ముందుగా కాలనీలో నోటీసు ద్వారా తెలుపగలరు, కాటు వేసిన కుక్కను ఆగస్టు 22 నాటి ఉత్తర్వు ప్రకారం పశువైద్యుడికి చూపించి, తిరిగి వదలకుండా వేరుగా ఉంచగలరు, పట్టిన ఏ కుక్కనూ ఊరి పొలిమేరలో దించరాదు, మాంసం దుకాణాల వ్యర్థానికి సాయంత్రం బండి నడపగలరు. పొలిమేర వాక్యం కార్యదర్శి గారి మాట చదివి చేర్చాము. ఈసారి సంతకాలు అరవై మూడు. అందులో రెండో వీధి ఆమె సంతకం కూడా ఉంది.

వల_పట్టిన_చేయి
24 నవంబరు 2025

బాగా రాశారు. రెండు మాటలు. పట్టే రోజుకు ముందు రాత్రి అన్నం పెట్టవద్దని ఆ అమ్మకు చెప్పండి. ఆకలితో ఉంటే పిలవగానే వస్తాయి, ఆపరేషన్‌కు కూడా కడుపు ఖాళీగా ఉండాలి. దరఖాస్తు చేతికిచ్చి రావద్దు, ఇన్‌వార్డులో (ఆఫీసుకు వచ్చిన కాగితాలు రాసుకునే రిజిస్టరులో) నంబరు వేయించుకోండి. నంబరు లేని కాగితం మా చిట్టీలోకి రాదు.

సూదిమందు_సిస్టర్
24 నవంబరు 2025

మా దవాఖాన రిజిస్టరు నుంచి ఈ ఏడాది కాట్లను వాడల వారీగా ఒక కాగితం మీద తీశాను, పేర్లు లేకుండా. పెద్ద డాక్టరు గారి సంతకంతో మున్సిపల్ ఆఫీసుకు పంపించే ఏర్పాటు చేస్తున్నాము. మిగతా దవాఖానల్లో పనిచేసేవారు ఎవరైనా ఉంటే, ఇది ఒక పూట పని మాత్రమే.

దేవరకొండ_రోడ్డు_నివాసి
27 నవంబరు 2025

ఇన్‌వార్డు నంబరు వేయించుకున్నాను. సెక్షనులో ఉన్న గుమాస్తా ఫోటోలన్నీ తిరగేసి, "ఇట్లా లెక్కతో ఇచ్చినవాళ్ళు ఇంతవరకు లేరు సార్" అన్నాడు. డిసెంబరు మొదటి వారంలో రెండు రోజులు వరుసగా బండి ఇస్తామన్నారు; మూడు అడిగాము, రెండు ఇచ్చారు. సాయంత్రం చెత్త బండికి ఏ జవాబూ లేదు.

మెట్టుగడ్డ_పాతకాపు
28 నవంబరు 2025

ఈ వయసులో తెల్లవారి నాకు వేరే పని ఏముంది, మా గల్లీ, వెనుక గల్లీ రెండూ తిరిగాను. పందొమ్మిది ఉన్నాయి. చెవి కోత ఉన్నది ఒక్కటీ లేదు. మీ దరఖాస్తు నమూనా ఇక్కడ పెట్టగలరా?